భారతమ్మ పాలు పట్టిన ఏదుపంది పిల్లలు

రేలకుంటలో నలభై ఏళ్ల లోపు వాళ్లెవరైనా సరే, ఈ లోకంలో కన్ను తెరిచి మొదట చూసిన మొహం కన్నతల్లిది కాదు, మంత్రసాని భారతమ్మది. ఈ మాట ఆమె తనే చెప్పుకునేది. కాదన్నవాళ్లు లేరు. ఏన్కూరు దాటి అడివి దిక్కుకు వెళ్తే పత్తి చేలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. ఒక పక్క లంబాడీ తండా, ఇంకో పక్క కోయగూడెం. మూడు చోట్లా నొప్పులొచ్చాయంటే కబురు భారతమ్మకే.

ఆమె నాలుగో తరగతి దాకా ఊరి బడిలో చదివింది. ఆ చదువు చాలు. తల్లాడ బస్సేదో, ఇల్లందు బస్సేదో బోర్డు చూసి ఎక్కేది గానీ ఒకర్ని అడిగి ఎక్కిన మనిషి కాదు. ఇక ఎవరైనా అరుగు మీద కూర్చున్నారంటే ఆమె తన పురుళ్ల లెక్క ఎత్తుకునేది.

"మూడొందల పన్నెండు. వాగు పొంగిన నాడు ఎడ్లబండిల కాళ్లతోని వచ్చిన పిల్లను తిప్పి తీసిన. నాటు మడి గట్టు మీద కవలలను తీసిన. గిప్పటి సర్పంచి మెడకు పేగు మూడు చుట్లు చుట్టుకొని నీలంగ వచ్చిండు. కాళ్లు పట్టి తలకిందులు ఎత్తి ఒక్కటిస్తే కేర్‌మన్నడు. ఈ ఊళ్లె సర్పంచిని కొట్టినదాన్ని నేనొక్కదాన్నే!"

సర్పంచి ఎదురుగా ఉన్నా ఈ మాట చెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఏం చేస్తాడు మరి.

అయితే రెండు వేల ఆరు వచ్చేసరికి ఆ లెక్క ముందుకు కదలడం దాదాపు మానేసింది. కారణం ఎక్కడో లేదు, ఇంట్లోనే ఉంది. ఆమె కోడలు యశోద ఆ ఏడే ఆశా కార్యకర్తగా చేరింది. ట్రైనింగుకు వెళ్లొచ్చింది, సంచి ఒకటి ఇచ్చారు. నెలలు నిండిన వాళ్లను ఆటో ఎక్కించి ఏన్కూరు దవాఖానకు తీసుకెళ్లడం ఆమె పని. ఆ ఏడు దసరా దాకా భారతమ్మ చేతికి వచ్చినవి రెండే పురుళ్లు. అవీ ఆటో రావడం ఆలస్యమై వచ్చినవి.

"యశోదా, మీ ట్రైనింగుల పురుడు పోసుడు నేర్పిండ్రా?" అని అడిగేది భారతమ్మ, బియ్యం చెరుగుతూ.

"లేదత్తమ్మా. జల్దీ దవాఖానకు తీస్కపోవుడు నేర్పిండ్రు."

"అంటే ఆటో ఎక్కుడు నేర్పిండ్రు. గది నాక్కూడ వచ్చు."

యశోద నవ్వేది. ఆ పిల్లకు కోపం తక్కువ. అదే భారతమ్మకు ఇంకా కోపం తెప్పించేది.

దసరా వెళ్లిన పదో రోజు పొద్దున, కోయగూడెం బొజ్జయ్య మోదుగాకుల పొట్లంతో వాకిట్లోకి వచ్చాడు. బొజ్జయ్యకు అడివిలో తెలియని చెట్టు లేదు, తినని జంతువు కూడా దాదాపు లేదు.

"అక్కా, కూరకు తెచ్చిన. మీ మరిది చేన్ల రెండు ఏదుపందులు పడ్డయి."

భారతమ్మ మరిది సీతయ్య మొక్కజొన్న వేశాడు. అడివిపందులు కంకులు విరిచి పోస్తున్నాయని చేను చుట్టూ తీగ కట్టి కరెంటు పెట్టాడు. పందులు పడలేదు గానీ, ఒకదాని వెనుక ఒకటి నడిచొచ్చిన ఏదుపందుల జంట ఆ తీగ మీద పడింది.

"ఆడదానికి పాలున్నయక్కా. కోస్తుంటే చేతికి అంటినయి," అన్నాడు బొజ్జయ్య, అదేదో వానొచ్చిందన్నంత మామూలుగా.

బియ్యం చెరుగుతున్న చాట భారతమ్మ చేతిలోనే ఆగిపోయింది.

"పాలంటే బాలింత గదరా!"

"అవ్. ఈనినట్టుంది."

"మరి పిల్లలు?"

బొజ్జయ్య భుజాలు ఎగరేశాడు. "బొరియల ఉంటయి. ఇయ్యాల్నో రేపో పోతయి."

మంత్రసానులకు ఒక కట్టుబాటు ఉంది. పురిట్లో తల్లి పోతే, ఆ బిడ్డ ఇంకొకరి దగ్గర పాలు తాగేదాకా మంత్రసాని ఆ ఇంటి గడప దాటదు. భారతమ్మకు అలాంటివి నాలుగు జరిగాయి. నాలుగిళ్లలోనూ రెండేసి రోజులు, మూడేసి రోజులు అక్కడే కూర్చుంది. ఊళ్లో పాలున్న తల్లులందరి కాళ్లావేళ్లా పడింది. నలుగురూ బతికారు. ఆ లెక్క కూడా ఆమె చెప్పుకునేదే. ఇప్పుడు మొగుడితో సహా బాలింత పోయింది, అదీ తన ఇంటివాళ్ల తీగ మీద. ఆ పొట్లం ముట్టుకోకుండా లేచి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది.

"నడువు. బొరియ చూపియ్."

"ఏందక్కా నువ్వు..."

"నడువంటిన."

చేను దాటి అడివిలోకి నాలుగు బారలు పోతే పెద్ద పుట్ట, దాని కింద బొరియ. వాకిట్లో కొరికి పారేసిన ఎముకలున్నాయి. బొజ్జయ్య నేల మీద బోర్లా పడుకుని చెయ్యి భుజం దాకా లోపలికి పోనిచ్చాడు. తిట్టుకుంటూనే ఒకటి తీశాడు, తర్వాత ఇంకొకటి. పిడికిలి కంటే కొంచెం పెద్దవి. పుట్టి రెండు రోజులు కూడా అయినట్టు లేదు, అయినా కళ్లు తెరిచే ఉన్నాయి. ముళ్లు ముళ్లలా లేవు, తడిసిన గడ్డిపోచల్లా మెత్తగా వీపుకు అంటుకుని ఉన్నాయి. భారతమ్మ రెంటినీ కొంగులో కట్టుకుంది.

అడివి ఆఫీసు వాళ్లకు అప్పగించొచ్చు కదా అని యశోద అంది. అప్పగిస్తే తల్లి ఎట్లా చచ్చిందని అడుగుతారు. తీగ బయటపడితే సీతయ్య మీద కేసు. తీగ పెట్టడం తప్పేనని భారతమ్మ మరిదిని వాకిట్లో నిలబెట్టి నలుగురు వినేలా తిట్టింది, తీగ తీయించింది. కానీ అతన్ని పట్టించడానికి మనసొప్పలేదు. ఆ సంగతి ఆమె మనసులో చాలా రోజులు కలుక్కుమంటూనే ఉంది.

పాల కోసం తండాలో మంగ్లి దగ్గరికి వెళ్లింది. మంగ్లికి ఇరవై మేకలు. ఆమె ముగ్గురు పిల్లలనూ భారతమ్మే తీసింది కాబట్టి లేదనే మాట లేదు. కానీ నోరు ఊరుకోదు కదా.

"నా మేక పాలు ఏదుపందికా? రేపు పులిపిల్లను తెస్తవక్కా నువ్వు. దానికి మేకనే ఇయ్యమంటవ్."

"పులికి నిన్నే ఇస్త. పాలు పిండు ముందు."

ఇంటికొచ్చి పాలు కాచి, సగం నీళ్లు కలిపి, గోరువెచ్చగా చేసింది. పెట్టె లోంచి ఉగ్గుగిన్నె తీసింది. పక్కకు ముక్కులా సాగిన చిన్న ఇత్తడి గిన్నె అది. వాళ్ల అత్త చేతి నుంచి వచ్చింది. ఊళ్లో సగం మందికి తొలి చుక్క దాంతోనే పడింది. గోడకు ఆనుకుని కాళ్లు రెండూ బారజాపి, కాళ్ల మధ్య పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పట్టి నోట్లో పోసింది. నలభై ఏళ్లుగా ఎలా పోసిందో అలాగే.

పిల్ల మింగింది. రెండోది కూడా మింగింది.

"చూసినవా?" అంది కోడలితో. "మనిషైతేంది, జంతువైతేంది. చెయ్యి తెలిస్తే చాలు."

మర్నాడు పొద్దున పోస్తుంటే చిన్నదాని ముక్కు దగ్గర పాల బుడగ లేచింది. యశోద అది చూసింది.

"అత్తమ్మా, ముక్కులకెల్లి వస్తున్నయి. అట్ల పండబెట్టి పొయ్యకు. తల లేపి కొంచెం కొంచెం పట్టాలె. మాకు ట్రైనింగుల గట్లనే చెప్పిండ్రు."

"నీది ఎన్ని దినాల ట్రైనింగే?"

"ఇరవై మూడు."

"నాది నలభై ఏండ్లు. జర పక్కకు జరుగు, వెలుతురు అడ్డమొస్తున్నవ్."

యశోద జరిగింది. సాయంత్రానికి చిన్నది ఊపిరి తీస్తుంటే లోపల గురగురమంది. మూడో నాడు తెల్లారి భారతమ్మ గంప మీది గుడ్డ తీసి చూస్తే అది చల్లగా ఉంది. పెద్దది దాని పక్కనే ముడుచుకుని ఉంది, దాని ఊపిరిలోనూ అదే చప్పుడు.

నిమ్మచెట్టు కింద గొయ్యి తవ్వుతూ, భారతమ్మ మనసులో ఎన్నో సాకులు వెతుక్కుంది. తల్లి లేని పిల్ల, చలి, మేక పాలు పడలేదేమో. ఏదీ నిలవలేదు. బుడగ లేచింది తన చేతిలోనే. చూసి చెప్పిన మనిషి పక్కనే ఉంది. అయినా తను పోస్తూనే ఉంది.

మధ్యాహ్నం బొజ్జయ్య వచ్చాడు. ఆమె పెద్దదాన్ని కాళ్ల మీద వెల్లకిలా వేసుకుని, గిన్నె చేతిలో పట్టుకుని, పోయడానికి ధైర్యం చాలక కూర్చుంది.

"అదేందక్కా, మనిషి పిల్ల లెక్క పండబెట్టినవ్?"

"మరెట్ల పెడ్తరు?"

"దానికి చన్నులు కడుపు మీద ఉండవు. పక్కల మీద ఉంటయి, ముందుకాలి రెక్క కింద. నేను కోసిన గద, నాకు తెల్వదా? తల్లి బోర్ల పండుకుంటది. పిల్ల పక్కన నాలుగు కాళ్ల మీద నిలబడి తాగుతది. వెల్లకిల పడుడంటే దానికి చావుడే."

భారతమ్మ గిన్నె కింద పెట్టి, పిల్లను తిప్పి నాలుగు కాళ్ల మీద నిలబెట్టింది. ఆమె ఒకరి మాట ఇట్టే వినడం బొజ్జయ్య ఎప్పుడూ చూడలేదు. తనేమన్నా తప్పు మాట్లాడాడేమోనని భయపడి, బీడీ ముట్టించుకునే వంకతో బయటికి వెళ్లాడు.

మూడొందల పన్నెండు మంది తల్లుల ఒళ్లు ఎరిగిన మనిషి, ఈ ఒక్క తల్లి ఒళ్లు ఎలా ఉందో చూడలేదు. చూడాలని తోచలేదు. పొట్లం వాకిట్లోకి వచ్చినప్పుడు మొహం తిప్పుకుంది. కోసి తిన్నవాడికి తెలిసింది, కాపాడతానన్న తనకు తెలియలేదు.

గిన్నె పెట్టెలో పెట్టేసింది. లోపలికి చూసి పిలిచింది.

"యశోదా. ఇటు రా. తల లేపి ఎట్ల పట్టాలన్నవో చూపియ్."

ఆ సాయంత్రం భారతమ్మ పాత గొంగడిని చుట్టగా చుట్టి, తాడుతో బిగించి, నేల మీద పడుకున్న తల్లి ఒళ్లులా పెట్టింది. చుట్ట పక్కన కన్నం చేసి సైకిలు వాల్‌ట్యూబు ముక్క బయటికి పెట్టింది. అవతలి కొసకు మందు సీసా తగిలించింది. యశోద సీసా పట్టుకుని పాలు చుక్క చుక్కగా దిగేలా చూసింది. పిల్ల గొంగడి వాసన చూసింది. చుట్ట పొడవునా ముక్కుతో పొడుచుకుంటూ నడిచి, ట్యూబు తగలగానే నాలుగు కాళ్ల మీద నిలబడి పట్టుకుంది. గుటక గుటకకూ దాని చెవులు కదిలాయి.

అత్తా కోడళ్లు సీసాలో పాలు దిగడమే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు మంగ్లి వచ్చి, పిల్ల పొట్ట ఉబ్బి ఉండటం చూసి నెత్తి కొట్టుకుంది. "తల్లి మేక వెనక నాకితేనే పిల్ల ఉచ్చ పోసుకుంటదక్కా. దీన్ని నాకేటోళ్లెవరు? నువ్వు నాకుతవా?" తడిగుడ్డతో తుడిచి ఎలాగో చూపించింది. పిల్ల మంగ్లి అరచేతిలోనే పోసింది. "ఇగో, నాకు కట్నం!" అని చెయ్యి చాచి చూపించింది. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి నవ్వు వినిపించింది.

వారానికి గురగుర తగ్గింది. పదిహేను రోజులకు ముళ్లు గట్టిపడ్డాయి. భారతమ్మ దానికి పేరు పెట్టలేదు. పేరు పెట్టడం మంత్రసాని పని కాదు, ఇంటివాళ్ల పని. "ఓయ్" అనేది, అది వచ్చేది. కార్తీకం నడిచేసరికి గెనుసుగడ్డ కొరకడం నేర్చింది. సంక్రాంతికి పిల్లి కంటే పెద్దదై, రోలు పక్కన పెట్టిన ఎముకను కరకర గీకుతూ కూర్చునేది. ఆమె వెనకాలే వాకిట్లో తిరిగేది. జనం చూడ్డానికి వచ్చేవాళ్లు.

వచ్చినవాళ్లకు భారతమ్మ లెక్క చెప్పడం మానలేదు. కానీ లెక్కకు తోక ఒకటి వచ్చింది. "మూడొందల పన్నెండు. గవి గాక ఈ ఏదుపందివి రెండు. రెండిట్ల ఒకటి నా చేతుల్నే పోయింది. కోడలు చెప్పింది, నేను వినలే." మొదటిసారి ఈ మాట విన్నప్పుడు యశోద పొయ్యి దగ్గర నుంచి తలెత్తి చూసింది. అత్త ఆమె వైపు చూడలేదు.

మాఘంలో ఒక రోజు, మంగ్లి మొగుడు బద్యా గోనెసంచి ఒకటి రొమ్ముకు హత్తుకుని వచ్చాడు. సంచి కదులుతోంది.

"భారతక్కా, నీ పిల్ల! తండా దారిల నాకు ఎదురొచ్చింది. నా చేతిల కర్రుంది, అయినా ఆగలే. సంచి తెరిస్తే దానికదే ఎక్కింది. నేను గాబట్టి తెచ్చిన. ఇంకొకడైతే ఈపాటికి పొయ్యి మీద ఉంటుండె."

నవ్వుతూనే చెప్పాడు. భారతమ్మకు నవ్వు రాలేదు. బొజ్జయ్యను పిలిపించింది. అతను అరుగు మీద కూర్చుని, కాళ్ల దగ్గర వాసన చూస్తున్న ఏదుపందిని చాలాసేపు చూశాడు.

"పెరిగింది గని, ఏదుపంది కాలే అక్కా. మనిషిని చూస్తే ముల్లు లేపాలె, తోక గలగలలాడించాలె. ఇది మనిషి అంటే గడ్డ పెట్టేటోడు అనుకుంటది. అడివిల ఇడిస్తే నాలుగు దినాలు. నేను ఇడిచినా ఇంకొకడు ఇడవడు."

"నువ్వు ఇడుస్తవా?"

"నీ మొహం చూసి."

"ముల్లు లేపుడు ఎట్ల నేర్పాలె?"

"బెదిరియ్యాలె. అందరికంటె ముందు నువ్వు. నిన్ను తల్లి అనుకుంటది గద. నిన్ను చూసి భయపడితే, ఇగ అందరిని చూసి భయపడతది."

ఇరవై ఒకటో నాడు బిడ్డకు నీళ్లు పోసి, తల్లి ఒళ్లో పెట్టి, మంత్రసాని చీర తీసుకుని వెళ్లిపోతుంది. తర్వాత నెల దాకా ఆ వాకిలి తొక్కదు. అలవాటైన చెయ్యి పక్కనుంటే బిడ్డ తల్లికి చేరువ కాదని. భారతమ్మ మూడొందల సార్లు అలా వచ్చేసింది, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కానీ అక్కడ ఒళ్లో పెట్టడానికి తల్లి ఉండేది. దీన్ని ఎవరి ఒళ్లో పెట్టాలి?

దాన్ని దడి కట్టిన మూలలో పెట్టి, పాలు మాన్పించింది. గెనుసుగడ్డ దడి సందులోంచి లోపలికి తోసేది, మొహం చూపించేది కాదు. యశోద, మంగ్లి పళ్లేలు వాయిస్తే అది ముళ్లు లేపేది. కానీ భారతమ్మ తపేలా తీసుకుని వెళ్లి వాయిస్తే, చప్పుడుకు ఉలిక్కిపడి, ఆమెను చూసి, ముళ్లు దించుకుని కాళ్ల దగ్గరికి వచ్చేది. "పో" అనేది. అది ఇంకా దగ్గరికి జరిగేది. రెండు వారాలు అలాగే గడిచాయి.

"రోజులు పోతే ఇంకా కష్టం," అన్నాడు బొజ్జయ్య. "ఇప్పపువ్వు మొదలైతే అడివి నిండ మనుషులే. ఇప్పుడే ఇడవాలె."

పొద్దు వాలుతుండగా గంపలో పెట్టుకుని గుట్ట దాకా మోసుకెళ్లారు. గుట్ట వెనుక రాళ్ల కింద ఏదుపందుల బొరియలు ఉన్నాయి, కొత్తగా కొరికిన ఎముకలు కూడా ఉన్నాయి. గంప వంచారు. అది దిగింది, ముక్కు ఎత్తి గాలి చూసింది, నాలుగడుగులు పోయింది. భారతమ్మ తిరిగి నడిచింది. వెనక ఆకులు చప్పుడైతే చూసింది. వస్తోంది.

తరిమింది. మళ్లీ వచ్చింది. మట్టిపెళ్ల విసిరింది. పెళ్లను వాసన చూసి మళ్లీ వచ్చింది. బొజ్జయ్య తన చేతికర్ర ఆమెకు అందించాడు.

ఆ చేతులు అంతకుముందు కొట్టాయి, కాదనలేం. కానీ కొట్టింది ఊపిరి తెప్పించడానికి. భారతమ్మ కర్ర ఎత్తింది, పళ్లు బిగించి దాని ముక్కు మీద కొట్టింది. గట్టిగానే తగిలింది.

అది ఆగింది. కళ్లు ఆమె మీదే ఉన్నాయి. ముందుకాళ్లతో నేల దబదబ కొట్టింది. మెడ నుంచి తోక దాకా ఒక్కో ముల్లూ లేచి, చూస్తుండగానే రెండింతలైంది. తోక గలగలలాడింది. గిర్రున తిరిగి, వెనక్కి వెనక్కి వచ్చి, భారతమ్మ పిక్కను గుద్దింది.

ఆమె కూలబడింది. పిక్కలో రెండు ముళ్లు దిగాయి.

"లేపింది! అక్కా, లేపింది!" బొజ్జయ్య చిన్నపిల్లాడిలా గంతేశాడు. ఏదుపంది రాళ్ల సందులోకి దూరిపోయింది. మళ్లీ బయటికి చూడలేదు.

భారతమ్మ పిక్క పట్టుకుని, కన్నీళ్లు కారుతుంటే, "మంచిగ గుద్దింది," అంది. "మంచిగ గుద్దింది."

మర్నాడు కాలు వాచింది. యశోద ఆటో పిలిచింది. అలా భారతమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఏన్కూరు దవాఖాన మెట్లెక్కింది. వరుసలో నెలలు నిండిన ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఇద్దర్ని ఆమే తీసింది, వాళ్లు లేచి చోటిచ్చారు. ఒకామె తన కడుపు చూపించి, బిడ్డ అడ్డం తిరిగిందేమో చూడమని మెల్లగా అడిగింది. భారతమ్మ చెయ్యి వేసి చూసింది. "తల కిందికే ఉంది. భయం లేదు. అయినా లోపల చూపిచ్చుకో, మిషన్ల చూస్తరు," అంది. యశోద అటు తిరిగి చీటీ రాయించుకుంటూ నిలబడింది, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

ధనుర్వాతం సూది వేస్తూ నర్సమ్మ అడిగింది, ఏం పొడిచిందమ్మా అని.

"పిల్ల," అంది భారతమ్మ. "చేతికి అందొచ్చిన పిల్ల."

ఆ ఏడు ఇప్పపువ్వు బాగా కురిసింది. తెల్లారకముందే గంపలెత్తుకుని అందరూ గుట్ట పక్క దారిన పోయేవాళ్లు. భారతమ్మ మాత్రం, మానీ మానని పిక్కతో కుంటుకుంటూ, వాగు వైపు నుంచి చుట్టు తిరిగి పోయేది. నాలుగు రోజులు చూసి మంగ్లి ఉండబట్టలేక అడిగింది.

"కాలు నొస్తుంటె గింత దూరం దేనికక్కా? గుట్ట పొంటి పోతే ఇగో అన్నట్టుంటది గద."

"గాలి అటు కొడుతుంది," అంది భారతమ్మ. "నా వాసన తగిలితే బయటికొస్తదేమో."